హెపటైటిస్ బి: కొత్త కేసును పాత కేసు నుంచి ఎలా విడదీయాలి, విడదీశాక ఏం చేయాలి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటుంటే సరిదిద్దండి. వ్యాధి నిఘా విభాగంలో చేరి మీకు నాలుగు నెలలైంది. గత మూడు నెలల్లో ల్యాబుల నుంచి 41 హెచ్‌బీఎస్‌ఏజీ (రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష) పాజిటివ్ రిపోర్టులు వచ్చాయి. వాటిలో ఆరింటికి ఐజీఎం, అంటే కొత్తగా సోకినప్పుడు ముందు కనబడే యాంటీబాడీ కూడా పాజిటివ్. వీటిలో ఏవి అక్యూట్ కేసులు, అంటే ఈ మధ్యే కొత్తగా సోకినవి అన్నది మీ మొదటి సందేహం. టీకా అందరికీ వేస్తున్నప్పుడు ఈ కొద్ది కేసుల వెంట పడటం ఎందుకన్నది రెండోది. ఆ ఆరుగురిలో వృద్ధాశ్రమంలో ఉంటున్న 67 ఏళ్ల ఆవిడ ఒకరు. సూది మందులు లేవు, రక్తం ఎక్కించలేదు, ఆపరేషన్ లేదు, భర్త పోయి పదేళ్లయింది. అందుకని 'కారణం తెలియదు' అని రాసి ఫైలు మూసేయవచ్చా అన్నది మూడోది.

మూడోదానికి జవాబు ఇప్పుడే చెబుతున్నాను: మూయకండి. మీ 41 కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది అదేనని నా నమ్మకం. ఎందుకో తెలియాలంటే మొదటి రెండు సందేహాల మీదుగా రావాలి.

హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అంటే ఇవాళ ఆ మనిషి రక్తంలో వైరస్ పైపొర ప్రోటీన్ ఉందని. అంతవరకే. ఎప్పుడు వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు. పుట్టినప్పుడే తల్లి నుంచి సోకి నలభై ఏళ్లుగా వైరస్‌తో బతుకుతున్నవాళ్ల రిపోర్టూ, మూడు నెలల కిందట సూది వల్ల సోకినవాళ్ల రిపోర్టూ ఒకేలా ఉంటాయి. పాతవాళ్లే చాలా ఎక్కువ. 2022లో ప్రపంచంలో దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవాళ్లు 25.4 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఏడాదికి కొత్తగా సోకేవాళ్లు 12 లక్షలు. రెండు వందల రెట్లకు పైగా తేడా. కాబట్టి గర్భిణులకు చేసే పరీక్షల్లో, ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల్లో, ఉద్యోగంలో చేరేముందు చేసే పరీక్షల్లో దొరికే పాజిటివ్‌లు దాదాపు అన్నీ పాతవే అనుకుని మొదలుపెట్టండి. వాళ్లను పక్కన పడేయమని కాదు. వాళ్లకు వైద్యం కావాలి, ఇంట్లోవాళ్లకు పరీక్ష, టీకా కావాలి, గర్భిణి అయితే పుట్టబోయే బిడ్డకు రక్షణ కావాలి. కానీ వాళ్ల రిజిస్టరు వేరు. అక్యూట్ రిజిస్టరులో వాళ్లను కలిపితే రెండు పనులూ చెడతాయి.

ఇక ఐజీఎం. వైరస్ లోపలి భాగమైన కోర్ మీద శరీరం తయారుచేసే యాంటీబాడీలో కొత్త ఇన్ఫెక్షన్‌లో ముందు కనబడే రకం ఇది. జబ్బు బయటపడే సమయానికి బాగా ఎక్కువగా ఉండి, మామూలుగా ఆరు నెలల్లో తగ్గిపోతుంది. అందుకే దీన్ని కొత్త ఇన్ఫెక్షన్‌కు గుర్తుగా వాడతాం. కానీ ఇది ఒక్కటే చూసి తీర్పు చెబితే మోసపోతారు, నేను మోసపోయాను కూడా. దీర్ఘకాలిక రోగికి కాలేయం ఒక్కసారిగా వాచినప్పుడు, అంటే మంట ఎగసినప్పుడు, ఐజీఎం తక్కువ స్థాయిలో మళ్లీ పాజిటివ్ చూపవచ్చు. క్యాన్సర్ మందులో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులో మొదలుపెట్టాక పాత వైరస్ చెలరేగి కామెర్లు వచ్చే రోగులు ఇలాగే కనిపిస్తారు. అది కొత్తగా సోకడం కాదు, మందు మొదలుపెట్టేముందు పరీక్ష చేయకపోవడం వల్ల జరిగిన నష్టం. దాని గురించి ఆసుపత్రితో వేరే మాట్లాడాలి. రెండో చిక్కు, ఏ లక్షణమూ లేనివాళ్లకు కూడా ప్యాకేజీ పరీక్షల్లో ఐజీఎం కలిపేయడం. ఆరోగ్యంగా ఉన్న వందల మందికి చేస్తే వచ్చే పాజిటివ్‌లలో తప్పుడువే ఎక్కువ ఉంటాయి.

దీనికి తిరగబడినది కూడా ఉంది. కొద్ది వారాల పాటు హెచ్‌బీఎస్‌ఏజీ మాయమై, రక్షణనిచ్చే యాంటీ-హెచ్‌బీఎస్ ఇంకా రాని సమయం ఒకటుంటుంది. అప్పుడు కోర్ ఐజీఎం ఒక్కటే మిగులుతుంది. కామెర్లు తగ్గుముఖం పట్టాక ఆలస్యంగా వచ్చిన రోగికి హెచ్‌బీఎస్‌ఏజీ ఒక్కటే చేసి 'బి లేదు' అని పంపేస్తే ఒక అసలైన కొత్త కేసు చేజారినట్టే. ఇంకో చిన్న జాగ్రత్త: టీకా వేసుకున్న తర్వాత రెండు మూడు వారాల వరకు టీకాలోని ప్రోటీనే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్షలో పాజిటివ్‌గా కనిపించవచ్చు. డయాలసిస్ రోగుల్లో ఇది చూస్తుంటాం. టీకా తేదీ అడగకుండా కేసు రాయకండి.

అందువల్ల ల్యాబు కాగితం పక్కన మనిషి జబ్బును పెట్టి చూడాలి. చాలాచోట్ల వాడే కేసు నిర్వచనం సారాంశం ఇదే: ఫలానా రోజున మొదలైందని చెప్పగలిగే జబ్బు ఉండాలి, అంటే జ్వరం, నీరసం, వికారం, ఆకలి లేకపోవడం, కడుపు నొప్పి లాంటివి. దానితో పాటు కామెర్లో, బాగా పెరిగిన కాలేయ పరీక్షో ఉండాలి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైము) 200 దాటడాన్ని, లేదా బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) 3 గానీ అంతకు మించి గానీ ఉండటాన్ని కొలతగా పెట్టింది. దానితో హెచ్‌బీఎస్‌ఏజీ, కోర్ ఐజీఎం పాజిటివ్. మీకు వర్తించే నిర్వచనం ఏది ఉంటే దాన్నే అక్షరాలా పాటించండి, ఈ ఏడు ఒక కొలత, వచ్చే ఏడు ఇంకో కొలత పెడితే మీ గ్రాఫుకు అర్థం ఉండదు.

లక్షణాలు అవసరం లేని రుజువు ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది: అదే మనిషికి కొద్ది నెలల కిందట హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ ఉండి ఇప్పుడు పాజిటివ్ రావడం. దానికి వాదన ఉండదు. మళ్లీ మళ్లీ రక్తదానం చేసేవాళ్లలో, డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో ఇది దొరుకుతుంది, ఎందుకంటే వాళ్లకు క్రమం తప్పకుండా పరీక్షలు జరుగుతాయి. మిగతావాళ్లలో ఎందుకు దొరకదంటే ల్యాబులు మనకు పాజిటివ్‌లే పంపుతాయి, నెగెటివ్‌లు వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. కాబట్టి ఐజీఎం పాజిటివ్ వచ్చిన ప్రతి మనిషి గురించీ ల్యాబుకు ఫోన్ చేసి 'వీరికి గత రెండేళ్లలో ఇదే పరీక్ష చేశారా, ఏం వచ్చింది' అని అడగండి. రెండు నిమిషాల పని. ఏడాది కిందటే పాజిటివ్ అని తెలిస్తే అది పాత కేసు, అక్కడితో తేలిపోయింది. ఆర్నెల్ల కిందట నెగెటివ్ అని తెలిస్తే మీ చేతిలో ఒక ఖాయమైన కొత్త కేసు ఉంది.

మీ ఆరుగురికి నేనైతే ఇలా చేస్తాను. ఏఎల్‌టీ, బిలిరుబిన్ తెప్పిస్తాను. జబ్బు మొదలైన తేదీ కనుక్కుంటాను. పాత రిపోర్టులు వెతుకుతాను. ఆరు నెలల తర్వాత ఒకసారి హెచ్‌బీఎస్‌ఏజీ చేయించమని వైద్యుడికి ఇప్పుడే చెప్పి తేదీ రాసుకుంటాను. అప్పటికి నెగెటివ్ అయితే మన అంచనా నిజమైనట్టు, ఇంకా ఉంటే అది దీర్ఘకాలికం. పెద్దవాళ్లలో కొత్తగా సోకినవాళ్లకు వంద మందిలో ఐదుగురికి లోపే దీర్ఘకాలికంగా మిగులుతుంది. కాబట్టి ఆర్నెల్ల తర్వాత మీ 'అక్యూట్' కేసుల్లో సగం మందికి ఇంకా వైరస్ ఉందంటే మీ వడపోత సరిగ్గా లేదని అర్థం. ఈ ఆర్నెల్ల పరీక్షను చాలామంది వదిలేస్తారు. మన పని నాణ్యతను మనమే తూచుకునే తరాజు అది.

ఇంత కష్టపడి ఏరిన ఆ ఐదారు కేసులు దేనికి అన్న మీ రెండో సందేహానికి వద్దాం.

1883లో జర్మనీలోని బ్రెమెన్ ఓడల కార్ఖానాలో 1,289 మంది కార్మికులకు మశూచి టీకా వేశారు. మనుషుల శరీరం నుంచి తీసిన లింఫు, అంటే టీకా పొక్కులోని ద్రవం, వాడారు. తర్వాతి నెలల్లో వాళ్లలో 191 మందికి కామెర్లు వచ్చాయి. లూర్మన్ అనే వైద్యాధికారి కూర్చుని ఎవరికి ఏ లింఫుతో టీకా వేశారో లెక్క తీశాడు. వేరే లింఫుతో వేయించుకున్నవాళ్లకు రాలేదు. వైరస్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో, ఏ రక్త పరీక్షా లేకుండా, ఒక జాబితాతో, తేదీలతో ఆయన కారణం పట్టుకున్నాడు. ఈ రోజు దాన్ని హెపటైటిస్ బి అని గుర్తిస్తున్నాం. మనం చేసే పనికి పునాది అక్కడే పడింది: కామెర్లు వచ్చిన రోజు నుంచి నెలల వెనక్కి వెళ్లి, అందరికీ ఉమ్మడిగా ఏముందో వెతకడం.

1942 సంగతి ఇంకా పెద్దది. అమెరికా సైనికులకు వేసిన పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకాలో మనిషి సీరం, అంటే రక్తంలోని ద్రవభాగం కలిపారు, అందులో హెపటైటిస్ బి వైరస్ ఉంది. సుమారు 50,000 మందికి కామెర్లు వచ్చాయి. నలభై ఏళ్లకు పైగా గడిచాక మాజీ సైనికుల రక్తం పరీక్షించి 1987లో ప్రచురించిన అధ్యయనంలో అసలు సోకినవాళ్లు సుమారు 3,30,000 మంది అని తేలింది. అంటే కామెర్లతో కనిపించిన ప్రతి ఒక్కరి వెనుకా కనిపించనివాళ్లు ఐదారుగురు. వాళ్లందరూ పెద్దవాళ్లే కాబట్టి దాదాపు అందరూ వైరస్‌ను వదిలించుకున్నారు. అమెరికా ఇప్పుడు తన అంచనాల్లో ఒక్కో నమోదైన అక్యూట్ కేసుకు సుమారు ఆరున్నర ఇన్ఫెక్షన్లు వేసుకుంటుంది. 2019లో అక్కడ నమోదైనవి 3,192 కేసులు, అంచనా 20,700. 1942 లెక్కతో ఈ నిష్పత్తి ఎంత దగ్గరగా ఉందో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, రెండు లెక్కలూ పూర్తిగా వేర్వేరు దారుల్లో వచ్చినా.

కాబట్టి మీ ఆరు కేసులు ఆరు కాదు. నలభై దాకా ఉన్న ఒక గుంపులో ముఖం చూపించిన ఆరు.

అయితే అక్యూట్ నిఘా చూడలేనిది ఒకటుంది, దాన్ని పై అధికారులకు మీరే గట్టిగా చెప్పాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు సోకితే దాదాపు ఎవరికీ కామెర్లు రావు. పుట్టినప్పుడు సోకిన బిడ్డల్లో వందకు 90 మందికి అది దీర్ఘకాలికమవుతుంది, ఒకటి నుంచి ఐదేళ్ల మధ్య సోకితే పాతిక నుంచి యాభై మందికి. అంటే జీవితాంతం వెంటాడి సిర్రోసిస్‌కూ (కాలేయం గట్టిపడి పాడవడం) కాలేయ క్యాన్సర్‌కూ దారితీసే ఇన్ఫెక్షన్లే మన రిజిస్టరులో పడవు. పెద్దవాళ్లలో కామెర్లుగా బయటపడి చాలావరకు తగ్గిపోయేవి మాత్రం పడతాయి. 'అక్యూట్ కేసులు సున్నా' అన్న నివేదిక చూసి తల్లి నుంచి బిడ్డకు సోకడం ఆగిందని ఎవరైనా అంటే అది తప్పు. దానికి పిల్లల రక్త సర్వేలు కావాలి. 2030 నాటికి ఐదేళ్ల లోపు పిల్లల్లో హెచ్‌బీఎస్‌ఏజీ 0.1 శాతం మించకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యాన్ని కొలిచేది ఆ సర్వేలతోనే. అక్యూట్ కేసులు, జనంలో దీర్ఘకాలిక వ్యాప్తి, సిర్రోసిస్-క్యాన్సర్ మరణాలు, ఈ మూడూ మూడు వేర్వేరు కిటికీలు. ఒకదాన్నుంచి చూసి మిగతా రెంటి గురించి మాట్లాడకూడదు.

మరి అక్యూట్ కిటికీ నుంచి మాత్రమే కనిపించేది ఏమిటంటే, ఇప్పుడు, ఈ నెలల్లో, మన మధ్య ఎక్కడో రక్తం ఒకరి నుంచి ఒకరికి చేరుతోందన్న సంగతి. పిల్లలకు టీకా అందుతున్నా, టీకా రాకముందు పుట్టినవాళ్లకు ఆ రక్షణ లేదు. ఇటలీ 1985లో అక్యూట్ హెపటైటిస్‌ల కోసం ప్రత్యేక నిఘా వ్యవస్థ పెట్టుకుని ప్రతి రోగినీ దంత వైద్యం, ఆపరేషన్, పచ్చబొట్టు, అందం కోసం చేయించుకునే పనుల దాకా అడుగుతూ వచ్చింది. 1991లో చంటిపిల్లలకూ పన్నెండేళ్లవాళ్లకూ టీకా తప్పనిసరి చేసింది. కేసులు బాగా తగ్గాయి, మిగిలినవి టీకా అందని వయసువాళ్లలోకి జరిగాయి. టీకా పనిచేస్తోందని, ఎవరు మిగిలిపోయారని, వాళ్లకు ఎక్కడ సోకుతోందని ఒకే జాబితా చెప్పింది. అందుకే మీ జాబితాలో వయసు గళ్లను ఐదేళ్లకో గడిగా విడగొట్టుకోండి, టీకా మొదలైన సంవత్సరం దగ్గర ఒక గీత గీయండి. ఆ గీతకు చిన్నవైపు ఒక్క కేసు పడినా ఆ మనిషి టీకా రికార్డు మీరే తెప్పించి చూడాలి.

ఇక రోగితో మాట్లాడటం. మా విభాగంలో కొత్తవాళ్లకు నేను ఎక్కువ సమయం ఇచ్చి నేర్పేది ఇదే.

సోకిన రోజు నుంచి కామెర్లు వచ్చేదాకా సగటున 90 రోజులు, 60 నుంచి 150 రోజుల మధ్య ఉంటుంది. జబ్బు మొదలైన రోజుకు ఆరు వారాల ముందు నుంచి ఆరు నెలల ముందు దాకా ఉన్న కాలాన్ని అడగాలి. నాలుగు నెలల కిందట ఏ మంగళవారం ఏం చేశారో ఎవరికి గుర్తుంటుంది? 'గత ఆరు నెలల్లో ఇంజెక్షన్ వేయించుకున్నారా' అని ఫారంలో ఉన్నట్టు చదివితే 'లేదండీ' అంటారు. అది అబద్ధం కాదు, గుర్తు లేదు, లేదా వాళ్ల దృష్టిలో అది ఇంజెక్షన్ కాదు. ఒకసారి ఒక రోగి ఇలాగే అన్నిటికీ లేదు లేదు అన్నాడు. ఫారం పక్కన పెట్టి 'ఆ మధ్య ఒంట్లో బాగోలేక ఎక్కడికైనా వెళ్లారా' అని అడిగాను. 'వాంతులైతే వెళ్లాను, గ్లూకోజు ఎక్కించారు' అన్నాడు. ఆ సీసాలోకి మందు ఎక్కించినది సూదితోనే కదా.

అందుకని క్యాలెండరు చేతిలో పెట్టుకుని, వాళ్ల జీవితంలోని పెద్ద రోజుల చుట్టూ అడగండి: ఇంట్లో పెళ్లి, పరీక్షలు, ఊరు మారడం, ఎవరైనా పోవడం. 'ఏ వైద్యం చేయించుకున్నారు' అనకుండా 'ఎక్కడెక్కడికి వెళ్లారు, అక్కడ ఏం చేశారు' అని అడగండి. పంటి పని, చెవులు కుట్టించుకోవడం, పచ్చబొట్టు, ఇంట్లో ఒకే రేజరు వాడటం, రక్తం ఇవ్వడం, తీసుకోవడం, వేలి నుంచి రక్తం తీసే చక్కెర పరీక్ష, ఉద్యోగంలో సూది గుచ్చుకోవడం. లైంగిక సంబంధాలు, మత్తుమందు సూదుల గురించి అడగడానికి ముందు గదిలోంచి కుటుంబాన్ని బయటకు పంపండి, ఈ జవాబులు ఎవరు చూస్తారో, ఎవరు చూడరో ముందే చెప్పండి. ఈ జబ్బు పేరు చెప్పగానే ఉద్యోగం పోతుందని, సంబంధాలు చెడతాయని భయపడేవాళ్లే ఎక్కువ. కలిసి తినడం వల్ల, ఒకే గ్లాసు వాడటం వల్ల, కౌగిలించుకోవడం వల్ల ఇది రాదని మీరు ఆ ఇంట్లో అందరి ముందూ చెప్పడం కూడా నిఘాలో భాగమే అనుకుంటాను. మీరు వెళ్లి వచ్చాక ఆ మనిషికి విడిగా కంచం పెట్టారంటే మీరు సగం పనే చేసినట్టు.

అదే పూట చేయాల్సిన పని ఇంకొకటుంది. జీవిత భాగస్వామికి, లైంగిక భాగస్వాములకు, ఇంట్లో కలిసి ఉండేవాళ్లకు పరీక్ష చేయించి, రక్షణ లేనివాళ్లకు టీకా మొదలుపెట్టాలి. లైంగికంగా తగిలితే 14 రోజుల లోపు, సూది గుచ్చుకుంటే 7 రోజుల లోపు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇస్తే సోకకుండా ఆపవచ్చు. ఆ తర్వాత ఆలస్యమే. మీ దగ్గర రిపోర్టు ఒక్క వారం బల్ల మీద పడి ఉంటే ఆ గడువు అక్కడే పోతుంది. రోగి గర్భిణి అయితే వెంటనే ప్రసూతి వైద్యులకు చెప్పండి, ముఖ్యంగా నెలలు నిండుతున్నప్పుడు. బిడ్డకు పుట్టిన 12 గంటల్లోపు టీకా, ఇమ్యునోగ్లోబులిన్ అందాలి. ఈ మధ్య రక్తదానం చేసి ఉంటే రక్త నిధికి ఫోన్ చేయాలి, ఎందుకంటే సోకిన తొలి రోజుల్లో హెచ్‌బీఎస్‌ఏజీ ఇంకా కనబడదు. రోగి పరిస్థితి విషమిస్తుంటే హెపటైటిస్ డి పరీక్ష చేయించమనండి. ఆ వైరస్ బి ఉన్నవాళ్లకే సోకుతుంది, రెండూ కలిస్తే ప్రాణం మీదకు తెస్తుంది.

ఇప్పుడు నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. ఈ పనిలోకి వచ్చిన మూడో ఏట ఐదు వారాల్లో మూడు అక్యూట్ రిపోర్టులు మూడు వేర్వేరు ల్యాబుల నుంచి వచ్చాయి. వయసులు వేరు, వృత్తులు వేరు, చిరునామాలు వేరు. మూడింటినీ విడివిడిగా నమోదు చేశాను, మూడింటికీ 'కారణం తెలియదు' అని రాశాను. నాలుగోది వచ్చినప్పుడు మాత్రమే నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. నలుగురూ ఒకే చిన్న క్లినిక్‌లో ఒకే నెలలో సూది మందు వేయించుకున్నారు. అక్కడ సూది మార్చేవాళ్లు, సిరంజి మార్చేవాళ్లు కాదు, అదే సిరంజితో పెద్ద సీసాలోంచి మళ్లీ మందు తీసేవాళ్లు. అలా సీసాలోకే వైరస్ చేరింది. ఆ క్లినిక్ రోగులందరికీ పరీక్ష చేస్తే ఏ లక్షణమూ లేకుండా సోకినవాళ్లు ఇంకా చాలామంది దొరికారు. రెండో రిపోర్టు వచ్చిన రోజే నేను మొదటిదాన్ని బయటకు తీసి ఉంటే రెండు నెలల ముందే ఆ సీసా ఆగేది. ఆ రెండు నెలల్లో ఆ గదిలోకి వెళ్లినవాళ్ల గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

ఇలాంటిది పెద్ద ఎత్తున జరిగితే ఏమవుతుందో 2009లో గుజరాత్‌లోని మొడాసాలో ప్రపంచం చూసింది. వాడిన సిరంజులను మళ్లీ వాడటం వల్ల వందల మందికి సోకి, పదుల మంది ప్రాణాలు పోయాయి. మామూలుగా అక్యూట్ హెపటైటిస్ బితో చనిపోయేవాళ్లు వందకు ఒకరు కూడా ఉండరు. అక్కడ అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ మంది చనిపోయారు.

అందుకని రెండు నియమాలు పెట్టుకున్నాను. కొత్త కేసు వచ్చినప్పుడల్లా గత ఆరు నెలల కేసులన్నీ బల్ల మీద పరుస్తాను, ఆసుపత్రులు, క్లినిక్‌లు, పార్లర్ల పేర్లన్నీ ఒకే పట్టీలో రాస్తాను. ఒకే చోటు పేరు రెండుసార్లు వస్తే అది అనుమానం కాదు, దర్యాప్తు. రెండోది, మామూలు కారణాలేవీ వర్తించని పెద్ద వయసు మనిషికి అక్యూట్ వస్తే ఒక్క కేసు చాలు, రెండోదాని కోసం ఆగను.

వైరస్ జన్యువును చదివించడం గురించి కూడా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా: ఇది సుమారు 3,200 అక్షరాల చిన్న జన్యువు, ఇద్దరి వైరస్‌లు ఒకటేనా అని పోల్చవచ్చు. పోలికలు లేకపోతే ఆ బంధం లేదని గట్టిగా చెప్పవచ్చు. పోలిక ఉంటే మాత్రం జాగ్రత్త, ఒకే రకం వైరస్ ఎక్కువగా తిరిగే చోట సంబంధం లేనివాళ్ల వైరస్‌లు కూడా బాగా దగ్గరగా ఉంటాయి. అందుకే అక్కడే సంబంధం లేని మరికొందరి నమూనాలు కూడా పక్కన పెట్టి పోల్చాలి. ఏదైనా సరే, రక్తం నమూనా దాచి ఉంటేనే. అక్యూట్ అని తేలగానే మిగిలిన సీరం పారేయవద్దని ల్యాబుకు అదే రోజు చెప్పండి.

నెలవారీ గ్రాఫు గీసేటప్పుడు ఇంకొక్కటి. తగ్గిన ప్రతి గీతా తగ్గిన జబ్బు కాదు. అమెరికాలో 2019లో 3,192 ఉన్న నమోదైన కేసులు 2020లో 2,157కి పడ్డాయి. కోవిడ్ ఏడాదిలో జనం ఆసుపత్రులకు వెళ్లలేదు, పరీక్షలు తగ్గాయి, నమోదు చేసే సిబ్బంది వేరే పనిలో ఉన్నారు. కేసులతో పాటు ఆ నెలలో ఎన్ని ఐజీఎం పరీక్షలు చేశారో కూడా ల్యాబుల నుంచి తెప్పించి పక్కనే రాయండి. పరీక్షలే లేని నెలలో సున్నాకు విలువ లేదు.

ఇప్పుడు మీ 67 ఏళ్ల ఆవిడ.

సూది లేదు, రక్తం లేదు, ఆపరేషన్ లేదు అన్నారు. ఆవిడకు చక్కెర వ్యాధి ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే, రోజూ వేలికి పొడిచి చక్కెర చూస్తారా, ఎవరు చూస్తారు, దేనితో చూస్తారు? అమెరికాలో 2003, 2004లలో వృద్ధులు ఉండే మూడు సంస్థల్లో హెపటైటిస్ బి ఇలాగే పాకింది. చక్కెర పరీక్షల దగ్గర ఒకరి రక్తం ఇంకొకరికి చేరింది. వేలికి పొడిచే పరికరం పదిమందికి ఒకటే వాడినా, గ్లూకోమీటరు ఒకరి నుంచి ఒకరికి తుడవకుండా వెళ్లినా, సిబ్బంది తొడుగులు మార్చకపోయినా చాలు. ఈ వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది, కంటికి కనబడనంత రక్తంలో కూడా సోకించగలదు. ఆ వేలిపోటును ఎవరూ 'ఇంజెక్షన్' అనుకోరు, అందుకే ఆవిడ 'లేదు' అంది. నిజమే చెప్పింది.

రేపు అక్కడికి మీరే వెళ్లండి, ఫోన్ మీద వద్దు. వాళ్లు చెప్పరని కాదు, మీరు కళ్లతో చూడాలి. పొద్దున చక్కెర పరీక్షలు చేసే సమయానికి వెళ్లి, ఒక మూలన నిలబడి, వరుసగా నలుగురికి ఎలా చేస్తున్నారో చూడండి. పరికరాలు ఎన్ని ఉన్నాయో, వాటి మీద పేర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఇన్సులిన్ పెన్నులు ఒకరివి ఒకరికి వాడుతున్నారా చూడండి. గోళ్లు, పాదాలు చూసే మనిషి బయటి నుంచి వస్తారా, పళ్ల వైద్యం ఎవరు చేస్తారు, రేజర్లు ఎలా ఉంచుతారు అని అడగండి. సిబ్బందిని తప్పుపట్టే గొంతుతో అడగకండి, చాలాసార్లు వాళ్లకు ఎవరూ నేర్పి ఉండరు. గత ఏడాదిలో అక్కడ ఎవరైనా కామెర్లతో పోయారా అని రికార్డు అడగండి, వయసే కారణమని రాసేసిన మరణాలు ఉంటాయి. తర్వాత ఆవిడతో పాటు వేలిపోటు పరీక్ష చేయించుకునేవాళ్ల పేర్లు, గత ఆరు నెలల్లో అక్కడి నుంచి వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా తీసుకోండి. 'వాళ్లెవరికీ కామెర్లు లేవండీ' అంటారు. అయినా అందరికీ హెచ్‌బీఎస్‌ఏజీ, కోర్ ఐజీఎం, మొత్తం కోర్ యాంటీబాడీ (ఎప్పుడు సోకినా కనబడేది), యాంటీ-హెచ్‌బీఎస్ నాలుగూ చేయించి, ఏమీ సోకనివాళ్లకు ఆ వారమే టీకా మొదలుపెట్టించండి. ఫలితాలు వచ్చాక ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.